పాయింట్ల యాప్‌లు, చవక టికెట్ల సైట్లు: మీరు నిజంగా వాడేవి ఏవి?

కొత్తకార్డు
ఫోన్‌లో ఒక స్క్రీన్ మొత్తం వీటితోనే నిండిపోయింది. ఏ కార్డు ఎక్కడ గీకాలో చెప్పే యాప్ ఒకటి, పాయింట్లు లెక్కపెట్టేది ఒకటి, విమానాల రేట్లు చూసేవి నాలుగైదు, లాప్‌టాప్‌లో క్యాష్‌బ్యాక్ ఎక్స్‌టెన్షన్లు వేరే. ఇన్ని ఉన్నా టికెట్ కొనే రోజు వచ్చేసరికి ఒక్కో సైట్‌లో ఒక్కో రేటు. క్లిక్ చేసి లోపలికి వెళ్తే ఆ రేటే ఉండదు. పాయింట్లతో కొందామంటే సీటు దొరకదు, దొరికితే ఇంతకంటే డబ్బు పెట్టి కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది.

లింకుల లిస్టు వద్దు, అది నేనూ వెతుక్కోగలను. టికెట్ కొనాలనుకున్నప్పుడు మీరు ముందు ఏది తెరుస్తారు, తర్వాత ఏది చూస్తారు, ఆ వరస చెప్పండి చాలు.

నగదే_నారాయణ
ఒక క్యాష్‌బ్యాక్ కార్డు, ఒక గూగుల్ ఫ్లైట్స్. మిగతావన్నీ పీకెయ్.

విండోసీట్
వచ్చాడండీ. థ్రెడ్ మొదలవ్వడమే ఆలస్యం.

మ్యాట్రిక్స్_మావ
నారాయణ చెప్పింది సగం కరెక్టే. నేనూ ముందు గూగుల్ ఫ్లైట్సే తెరుస్తాను. దాని ఇంజిన్ వేరే వాళ్లది. ఎంఐటీ వాళ్లు 1996లో పెట్టిన ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీని గూగుల్ 70 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2010లో ప్రకటించింది. 2011లో డీల్ పూర్తయింది, అదే ఏడాది గూగుల్ ఫ్లైట్స్ వచ్చింది. పాత ఐటీఏ మ్యాట్రిక్స్ ఇప్పటికీ ఉంది. అందులో టికెట్ కొనలేం, చూడటమే. కానీ ఒక టికెట్ ధరలో అసలు ఛార్జీ ఎంత, పన్ను ఎంత, ఎయిర్‌లైన్ అదనంగా వేసే సర్‌ఛార్జ్ ఎంత అని విడివిడిగా విప్పి చూపిస్తుంది. పాయింట్లతో కొనేవాళ్లకి ఆ సర్‌ఛార్జ్ లైన్ ఎందుకు ముఖ్యమో లేఓవర్ రాణి గారు చెప్తారు, నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

నా వరస ఇదీ. తేదీలు అటూ ఇటూ జరపగలిగితే ముందు క్యాలెండర్, ధరల గ్రాఫ్. ఏ వారం చవకో తేలాక ఆ తేదీలకి ప్రైస్ ట్రాకింగ్ ఆన్ చేసి వదిలేస్తాను. ఎక్కడికి వెళ్లాలో కూడా తేలకపోతే ఎక్స్‌ప్లోర్ మ్యాప్, లేదంటే స్కైస్కానర్‌లో గమ్యం దగ్గర 'ఎక్కడికైనా' అని పెట్టడం. రెండూ చూస్తాను, ఎందుకంటే చిన్న ఓటీఏల (ఆన్‌లైన్ ట్రావెల్ ఏజెన్సీల) రేట్లు స్కైస్కానర్‌లో ఎక్కువ కనపడతాయి. కనపడతాయి అన్నాను, కొనమనలేదు.

కొత్తకార్డు
అదే నా గోల. స్కైస్కానర్‌లో చూసిన రేటు లోపలికి వెళ్లేసరికి పెరిగిపోతుంది. ఇన్‌కాగ్నిటోలో చూడమంటారు, అదీ చేశాను.

రెడ్ఐ
కుకీలు చూసి రేటు పెంచుతారన్నది పుకారు. పోల్చి చూపించే సైట్లు ప్రతిసారీ ఎయిర్‌లైన్‌ని అడగవు, కాసేపటి కిందట దొరికిన రేటునే దాచుకుని చూపిస్తాయి. నువ్వు క్లిక్ చేసినప్పుడు అసలు రేటు వస్తుంది. ఈలోపు ఆ సీటు ఎవరో కొనుక్కుపోయి ఉండొచ్చు.

మ్యాట్రిక్స్_మావ
ఇంకో కారణం ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఒకే ఎకానమీ క్యాబిన్‌లో పది పన్నెండు రేట్లు ఉంటాయి, ఒక్కో రేటుకి ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక్కో అక్షరం కింద ఇన్ని సీట్లని లెక్క. నలుగురికి కలిపి వెతికావనుకో, చవక అక్షరంలో రెండే సీట్లుంటే సిస్టమ్ ఆ రెండూ నీకిచ్చి మిగతా రెండూ పై రేటుకి ఇవ్వదు. మామూలుగా నలుగురికీ పై రేటే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతుకు. ఆ రేటు, నలుగురికి వచ్చిన తలసరి రేటు తేడాగా ఉంటే ఇద్దరు ఇద్దరుగా రెండు బుకింగులు చేసుకో. విమానం క్యాన్సిల్ అయితే రెండు బుకింగులూ వేర్వేరుగా మారుస్తారన్న రిస్క్ మాత్రం ఉంటుంది.

విండోసీట్
మావా, దీన్ని పిన్ చెయ్యాలి. మా ఇంట్లో ఐదుగురం.

లెక్కల_టీచర్
టూల్స్ సంగతి తర్వాత. పాయింటు విలువ లెక్కకట్టడం రాకపోతే ఏ యాప్ పెట్టుకున్నా ఒకటే.

టికెట్ ధర 600 అనుకోండి, కరెన్సీ ఏదైనా సరే. అదే సీటు పాయింట్లతో అయితే 40,000 పాయింట్లు, పైన పన్నులు 80. మీకు మిగిలింది 520. దాన్ని 40,000తో భాగిస్తే 0.013, అంటే పాయింటుకి 1.3 పైసలో 1.3 సెంట్లో వచ్చింది. అవే పాయింట్లని స్టేట్‌మెంట్‌లో డబ్బుగా మార్చుకుంటే మీ బ్యాంకు పాయింటుకి 1 పైసో సెంటో ఇస్తుందనుకోండి, టికెట్ కొనడమే లాభం. 1.5 ఇస్తుందంటే డబ్బు తీసుకుని ఆ డబ్బుతో టికెట్ కొనుక్కోండి.

ఇంకో చిన్న సర్దుబాటు. డబ్బు పెట్టి కొన్న టికెట్ మీద మీకు మళ్లీ మైళ్లు, అంటే ఎయిర్‌లైన్ పాయింట్లు, వస్తాయి, కార్డు మీద పాయింట్లూ వస్తాయి. పాయింట్లతో కొన్న అవార్డు టికెట్ మీద మామూలుగా రావు. ఆ పోయేవి కూడా లెక్కలో తీసెయ్యాలి. బ్లాగుల్లో రాసే విలువల్లో ఇది చాలాసార్లు ఉండదు.

నగదే_నారాయణ
బిజినెస్ క్లాస్ టికెట్ ధర 5000, నేను పాయింట్లతో కొన్నాను కాబట్టి పాయింటుకి 7 వచ్చింది అని గొప్పలు చెప్పుకునేవాళ్లకి కూడా ఒక పాఠం చెప్పండి మాస్టారూ.

లెక్కల_టీచర్
ఆ 5000 మీరు జేబులోంచి పెట్టి కొనేవారా? కొనరంటే అది లెక్కలోకి రాదు. ఆ ప్రయాణానికి మీరు నిజంగా పెట్టగలిగే మొత్తం ఎంతో అదే పైన వెయ్యాలి. సుఖంగా పడుకుని వెళ్లారు, సంతోషం. దాన్ని ఆదా అనకండి.

లేఓవర్_రాణి
నాకే తగిలేలా మాట్లాడుతున్నారు, తగిలింది.

అయినా చెప్తాను. అవార్డు సీట్లు వెతకడంలో అందరూ చేసేది ఏమిటంటే తమ దగ్గర ఏ ఎయిర్‌లైన్ పాయింట్లుంటే ఆ సైట్‌లోనే వెతుకుతారు. ఒకే విమానంలో ఒకే సీటుని ఆ కూటమిలోని వేరే ఎయిర్‌లైన్లూ అమ్ముతాయి. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ ఉన్నది అందుకే. ఒకరు 60,000 అడిగిన సీటుకి ఇంకొకరు 35,000 అడగడం మామూలే. ఇది పట్టుకోవడానికే సీట్స్ డాట్ ఏరో, పాయింట్ డాట్ మీ లాంటివి. మొదటిది ముందే గాలించి పెట్టుకున్న డేటా చూపిస్తుంది, అందుకని వేగం, కానీ కొన్నిసార్లు పాత డేటా. రెండోది అప్పటికప్పుడు వెతుకుతుంది, నింపాదిగా. నేను మొదటి దాంట్లో తేదీ పట్టుకుని, ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోకి వెళ్లి ఖాయం చేసుకుంటాను. ఎయిర్‌లైన్లకి ఈ గాలింపు ఇష్టం లేదు. సీట్స్ డాట్ ఏరో మీద ఎయిర్ కెనడా 2023లో కేసు కూడా వేసింది.

మావ అన్న సర్‌ఛార్జ్ సంగతి. కొన్ని ప్రోగ్రామ్‌లు క్యారియర్ సర్‌ఛార్జ్‌ని అవార్డు టికెట్ మీద కూడా వేస్తాయి, కొన్ని వెయ్యవు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ సుదూర విమానాల మీద ఇది గట్టిగా పడుతుంది, అదే అవియాంకా లైఫ్‌మైల్స్ వెయ్యదు. పాయింట్లు తక్కువని మురిసిపోయి కొనబోతే కింద పన్నుల లైన్‌లో సగం టికెట్ ధర కనపడుతుంది. పాయింట్ల సంఖ్య ఒక్కటే చూపించి ఆ లైన్ దాచే టూల్‌ని నమ్మొద్దు.

రెడ్ఐ
అందరూ మర్చిపోయేది: సీటు కళ్లతో చూడకుండా బ్యాంకు పాయింట్లని ఎయిర్‌లైన్‌కి బదిలీ చెయ్యకండి. ఒకసారి వెళ్తే వెనక్కి రావు.

కొత్తకార్డు
బదిలీ వెంటనే జరుగుతుందా? ఈలోపు సీటు పోతే?

లేఓవర్_రాణి
కొన్ని నిమిషాల్లో, కొన్ని రోజుల్లో. రోజులు పట్టేవాటికి కొన్ని ఎయిర్‌లైన్లు ఫోన్‌లో అడిగితే సీటు హోల్డ్‌లో పెడతాయి. అడిగి చూడండి. ఏవియోస్ అనే పాయింట్లయితే ఒక సుఖం, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఖతార్, ఫిన్‌ఎయిర్ ఖాతాల మధ్య ఒకటికి ఒకటి చొప్పున తిప్పుకోవచ్చు. ఖతార్ 2022లో చేరింది, ఫిన్‌ఎయిర్ 2024లో.

నగదే_నారాయణ
ఇంత చదివేసరికి నాకు టికెట్ కొనాలన్న కోరికే పోయింది. ఏ ప్రయాణానికి ఎన్ని పాయింట్లో చెప్పే అవార్డు చార్ట్‌ని డెల్టా 2015లో తీసేసింది, యునైటెడ్ 2019లో తీసేసింది. ఇవాళ 30,000 అన్న సీటు రేపు 70,000 అంటే నువ్వు ఎవరిని అడుగుతావు? డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వస్తుంది. పాయింట్లు ఉంటే ఒకరోజు ఈమెయిల్ వస్తుంది, 'మా సభ్యులకు మరింత మెరుగైన సేవ కోసం' అని.

విండోసీట్
😂😂 ఆ ఈమెయిల్ నాకూ వచ్చింది. మెరుగైన సేవ అంటే రేటు పెంచడం.

లేఓవర్_రాణి
దీనికి నా దగ్గర జవాబు లేదు, నిజమే. దాచుకోకూడదు, అంతే. బ్యాంకు పాయింట్లుగా ఉంచి, వాడే రోజునే ఎయిర్‌లైన్‌కి పంపాలి. కనీసం ఒక్క ప్రోగ్రామ్ విలువ పడిపోతే వేరే దానికి పోవచ్చు.

గీకుడు_గీత
కార్డు వైపు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. ఏ కార్డు ఎక్కడ గీకాలో చెప్పే యాప్‌లన్నీ షాపు పేరు చూసి అంచనా వేస్తాయి. బ్యాంకు మాత్రం షాపు పేరు చూడదు, ఎంసీసీ చూస్తుంది. ఇది ఆ వ్యాపారం ఏ రకమో చెప్పే నాలుగంకెల కోడ్. ఎయిర్‌లైన్లకి 3000తో మొదలయ్యే వరస, యునైటెడ్‌కి 3000, అమెరికన్‌కి 3001, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి 3005 ఇలా ఒక్కోదానికి ఒక్కోటి. విడిగా కోడ్ లేని ఎయిర్‌లైన్లకి 4511. ట్రావెల్ ఏజెన్సీలకి 4722. రెస్టారెంట్‌కి 5812, కిరాణాకి 5411.

ఒక ఓటీఏలో టికెట్ కొన్నాను, ఎయిర్‌లైన్ ఖర్చు మీద ఐదు రెట్లు ఇచ్చే కార్డుతో. ఒక రెట్టే వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'మేడమ్, ఇది 4722 కింద పడింది' అన్నారు. టికెట్ మీద ఎయిర్‌లైన్ పేరుంది కదా అని వాదించినా లాభం లేదు, డబ్బు తీసుకున్నది ఏజెన్సీ. ఓటీఏలో తగ్గిన కాస్త మొత్తం కంటే పోయిన పాయింట్లే ఎక్కువ.

హోటల్లో ఉన్న రెస్టారెంట్ కూడా అంతే. బిల్లు హోటల్ మెషిన్ మీద కొడితే భోజనం ఖర్చు కాస్తా బస ఖర్చు అయిపోతుంది.

కొత్తకార్డు
గీత గారూ, మరి ఆ యాప్ ఉంచాలా తియ్యాలా?

గీకుడు_గీత
రెండు మూడు కార్డులైతే వద్దు. పర్సులో కార్డు మీద చిన్న స్టిక్కర్ అంటించి 'పెట్రోల్', 'తిండి', 'టికెట్' అని రాసుకుంటే సరిపోతుంది. నా కార్డులకి అంటించే ఉన్నాయి, బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి చూసి నవ్వింది, నవ్వనీ. అంతకంటే ఎక్కువ కార్డులుంటే యాప్ పనికొస్తుంది. అప్పుడు కూడా అసలు పని వార్షిక ఫీజు తేదీ, ఆఫర్ ముగిసే తేదీ గుర్తుచెయ్యడమే.

ప్రైవసీ_పంతులు
పాయింట్లు లెక్కపెట్టే యాప్‌లకి పాస్‌వర్డులు ఇచ్చేస్తున్నారు కదా, భయం వెయ్యదా? మైళ్ల ఖాతాలకి బ్యాంకు ఖాతాకున్నంత కాపలా ఉండదు. దొంగ లోపలికి వెళ్లి ఇంకొకరి పేరు మీద టికెట్ కొట్టేసుకుని పోతాడు, మీరు మళ్లీ లాగిన్ అయ్యేదాకా తెలియదు.

మ్యాట్రిక్స్_మావ
అందుకే యాప్ ఉండాలంటాను. బ్యాలెన్స్ తగ్గితే నాకు మెయిల్ వస్తుంది. నేను వాడే యాప్ అవార్డ్‌వాలెట్‌లో పాస్‌వర్డులని వాళ్ల సర్వర్లో కాకుండా మన మెషిన్లోనే ఉంచే ఆప్షన్ కూడా ఉంది.

ప్రైవసీ_పంతులు
మన మెషిన్లో ఉంచితే వాళ్లంతట వాళ్లు అప్‌డేట్ చెయ్యలేరు. అప్పుడు మెయిల్ ఎక్కడినుంచి వస్తుంది మావా?

మ్యాట్రిక్స్_మావ
సరే, ఆ మాట నిజం. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను ఎయిర్‌లైన్, హోటల్ ఖాతాలకి ఇస్తాను, బ్యాంకు లాగిన్ ఎవరికీ ఇవ్వను.

ప్రైవసీ_పంతులు
నాకు ఎక్సెల్ షీటు చాలు. ఖాతా, బ్యాలెన్స్, గడువు తేదీ. మూడు కాలమ్‌లు.

విండోసీట్
క్యాష్‌బ్యాక్ పోర్టల్ (దాని లింకు మీద నొక్కి వెళ్లి కొంటే కొంత డబ్బు వెనక్కిచ్చే సైట్) ద్వారా వెళ్తే ట్రాక్ అవ్వట్లేదు అని నాదో బాధ. పోర్టల్‌లో క్లిక్ చేసే కొన్నాను, 'ఈ కొనుగోలు మా ద్వారా జరగలేదు' అని జవాబు.

రెడ్ఐ
నీ బ్రౌజర్‌లో కూపన్ ఎక్స్‌టెన్షన్ ఉందా? చివరి క్లిక్ ఎవరిదైతే కమిషన్ వాళ్లది. పేమెంట్ పేజీలో ఎక్స్‌టెన్షన్ డబ్బా ఎగిరి వచ్చి 'కూపన్లు వెతకమంటారా' అంటుంది, నువ్వు సరే అన్నావో పోర్టల్ కుకీ పోయి దాని కుకీ కూర్చుంటుంది. పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న హనీ అనే కూపన్ ఎక్స్‌టెన్షన్ మీద 2024 చివర్లో వచ్చిన ఆరోపణ కూడా ఇలాంటిదే. కొనడానికి వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకో, ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ లేకుండా. పోర్టల్ నుంచి క్లిక్ చేసి వెళ్లాకే కార్ట్‌లో వెయ్యి.

విండోసీట్
ఉంది. రెండున్నాయి. ఒకదాన్ని ఒకటి తింటున్నట్టున్నాయి.

యూరోప్_బాబాయ్
మీరంతా ఐదు రెట్లు, పది రెట్లు అంటుంటే నాకు కడుపు మండుతోంది. ఇక్కడ కార్డులు ఇచ్చేది ఏమీ లేదు.

లెక్కల_టీచర్
బాబాయ్ గారూ, కారణం ఇంటర్‌చేంజ్, అంటే కార్డు గీకినప్పుడు దుకాణం వైపు నుంచి కార్డిచ్చిన బ్యాంకుకి వెళ్లే ఫీజు. రివార్డులకి డబ్బు ఎక్కువగా వచ్చేది దుకాణదారు కట్టే ఫీజులోంచి. యూరోపియన్ యూనియన్ 2015 డిసెంబరు నుంచి వ్యక్తిగత క్రెడిట్ కార్డుల ఇంటర్‌చేంజ్‌కి 0.3 శాతం, డెబిట్‌కి 0.2 శాతం అని గరిష్ఠ పరిమితి పెట్టింది. 0.3 వచ్చేచోట 2 శాతం ఎక్కడినుంచి ఇస్తారు? ఆస్ట్రేలియాలో 2003లోనే కోత పడింది. అదనంగా వచ్చేది బాకీ కట్టకుండా తిప్పుకునేవాళ్ల వడ్డీలోంచి. పూర్తి బిల్లు కట్టకుండా నెలనెలా తిప్పుకుంటూ పోతే దాచిన పాయింట్లు ఆ వడ్డీకి చాలవు. బిల్లు మొత్తం ఆటో డెబిట్‌లో పెట్టనివాళ్లకి ఈ థ్రెడ్ వద్దు.

నగదే_నారాయణ
ఇన్నాళ్లకి మాస్టారు నా పార్టీలోకి వచ్చారు.

లెక్కల_టీచర్
రాలేదు. పక్కనే నిలబడ్డాను.

బేరగాడు
ఎవరూ స్కిప్‌లాగ్డ్ పేరు ఎత్తలేదేంటి? దూరపు ఊరికి చవకగా ఉన్న కనెక్టింగ్ టికెట్లు వెతికిపెట్టే సైట్. అది కొని, విమానం మారే ఊళ్లోనే, మధ్యలో దిగిపోతే సగం రేటు.

మ్యాట్రిక్స్_మావ
ఎత్తావు, ఇక విను. చెక్-ఇన్ సామాను చివరి ఊరికి పోతుంది. రానుపోను ఒకే టికెట్ అయితే ఒక్క ముక్క వదిలేసినా తిరుగు ప్రయాణం రద్దు. విమానం ఆలస్యమైతే ఎయిర్‌లైన్ నిన్ను వేరే దారిలో పంపుతుంది, నువ్వు దిగాలనుకున్న ఊరు దారిలోనే ఉండదు. అప్పుడు 'నేను అక్కడ దిగిపోవాలి' అని కౌంటర్లో చెప్పలేవు కదా. మైళ్ల ఖాతా నంబరు ఇచ్చి ఇలా చేస్తే ఆ ఖాతాకే ఎసరు. ఆ సైట్ మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్ వేసిన కేసులో 2024 అక్టోబరులో జ్యూరీ 94 లక్షల డాలర్లు కట్టమంది, కాపీరైట్ విషయంలో.

బేరగాడు
చేతి సంచి ఒక్కటే, వన్‌వే, ఖాతా నంబరు ఇవ్వను. ఇంకా?

మ్యాట్రిక్స్_మావ
ఇంకేం లేదు. ఆలస్యం కాకూడదని దేవుడికి దండం పెట్టుకో.

లేఓవర్_రాణి
సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ టికెట్లకీ ఇదే జాగ్రత్త. సంబంధం లేని రెండు ఎయిర్‌లైన్ల టికెట్లు అతికించి చవకగా చూపిస్తారు. మొదటిది ఆలస్యమైతే రెండోవాడికి సంబంధం లేదు. సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చెయ్యాలి, అంటే ఆ దేశంలోకి దిగాలి, అంటే కొందరికి వీసా కావాలి. ఫలితాల్లో సన్న అక్షరాలతో 'విడి టికెట్లు' అని రాసి ఉంటుంది, చూడండి.

గీకుడు_గీత
ఓటీఏలో కొనకతప్పని రోజున ఒక్క పని చెయ్యండి. వాళ్ల కన్ఫర్మేషన్ మెయిల్‌తో ఆగకండి. పదమూడంకెల ఈ-టికెట్ నంబరు వచ్చిందో లేదో చూడండి. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్ కోడ్, 176 అంటే ఎమిరేట్స్, 220 అంటే లుఫ్తాన్సా. ఆరక్షరాల పీఎన్ఆర్ ఉండి ఈ నంబరు లేదంటే సీటు రిజర్వ్ అయింది, టికెట్ ఇంకా రాలేదు. ఎర్రర్ ఫేర్లకి, అంటే పొరపాటున తక్కువ పడ్డ రేట్లకి, మరీ ముఖ్యం. ఆ నంబరు వచ్చి కొన్నాళ్లు గడిచేదాకా రీఫండ్ లేని హోటల్ బుక్ చెయ్యొద్దు.

కొత్తకార్డు
అందరివీ కలిపి నేను రాసుకున్న వరస ఇది. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీ, రేటు. అదే తేదీకి అవార్డు సీటు. మాస్టారి భాగహారం. డబ్బే నయమైతే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కొనడం, పోర్టల్ నుంచి వెళ్లి, ఎక్స్‌టెన్షన్ లేని బ్రౌజర్‌లో. ఏమైనా వదిలేశానా?

రెడ్ఐ
కార్డు కరెన్సీ. వేరే దేశం కరెన్సీలో రేటు వేస్తే కార్డుకి విదేశీ లావాదేవీ ఫీజు ఉందేమో చూడు. రెండు మూడు శాతం అక్కడే పోతే రివార్డు గోవిందా. మీ కరెన్సీలో కట్టుకోండి అని పేమెంట్ పేజీ మర్యాదగా అడిగినా వద్దను, వాళ్ల మారకం రేటు మామూలుగా ఇంకా దారుణం.

మ్యాట్రిక్స్_మావ
కొన్నాక ప్రైస్ ట్రాకింగ్ ఆపకు. అమెరికాకి వచ్చీపోయే విమానాలకి ప్రయాణం వారం, అంతకంటే దూరంలో ఉంటే, ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే వీలుండాలని అక్కడి రవాణా శాఖ నిబంధన. దానికి బదులు ఆ రేటుకి 24 గంటల హోల్డ్ ఇచ్చే ఎయిర్‌లైన్లూ ఉన్నాయి. ఆ ఒక్కరోజులో రేటు తగ్గితే రద్దు చేసి మళ్లీ కొను. అవార్డు టికెట్లయితే చాలా ప్రోగ్రామ్‌లలో రద్దు ఫీజు తక్కువ, కొన్నింట్లో అసలు లేదు.

లేఓవర్_రాణి
డబ్బు టికెట్ అయితే మైళ్లు ఏ ఎయిర్‌లైన్ ఖాతాలో వేసుకోవాలో 'వేర్ టు క్రెడిట్' అనే సైట్‌లో చూసుకోండి. ఎయిర్‌లైన్ పేరు, బుకింగ్ అక్షరం కొడితే ఏ ప్రోగ్రామ్‌లో ఎంత శాతమో చెప్తుంది. ఎక్కే ఎయిర్‌లైన్ ఖాతాలోనే వేసుకోవాలని లేదు.

విండోసీట్
మావా, ఐదుగురం అన్నాను కదా. ఒక్కరికీ ఐదుగురికీ వెతికాను, తలసరి రేటు తేడా ఉంది. మూడు, రెండుగా కొంటే పిల్లలు పెద్దవాళ్లు లేని బుకింగ్‌లో పడతారా?

మ్యాట్రిక్స్_మావ
పడకుండా నువ్వే చూసుకోవాలి. రెండింట్లోనూ ఒక్కో పెద్దవాళ్లని ఉంచు. ముందు ఇద్దరికి, ముగ్గురికి విడివిడిగా వెతికి చూడు, చవక సీట్లు ఎన్ని ఉన్నాయో తేలిపోతుంది. చవక బుకింగ్ ముందు కొట్టెయ్. తర్వాత ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు పీఎన్ఆర్‌లూ ఒకే కుటుంబమని నోట్ పెట్టించు, సీట్లు పక్కపక్కన వెయ్యడానికి కొంచెం పనికొస్తుంది.

విండోసీట్
మూడు పాత రేటుకే వచ్చాయి. కిటికీ సీటు ఒకటే మిగిలింది, ఇంట్లో గొడవ మొదలైంది.